కనుబొమ్మల మైక్రోబ్లేడింగ్: మూడేళ్ల తర్వాత నా అనుభవం

నా కనుబొమ్మల కొసలు రాలిపోతున్నాయని ముందు చూసింది నేను కాదు, ఇక్కడ కర్నూలులో నాకు త్రెడింగ్ చేసే అమ్మాయి. "అక్కా, చివర్న లాగడానికి వెంట్రుకే లేదు" అనింది. ఆ వారమే మైక్రోబ్లేడింగ్ (సన్నటి బ్లేడుతో చర్మం మీద వెంట్రుకల్లా గీతలు గీసి రంగు నింపడం) చేసే ఒక పార్లర్‌కు వెళ్లాను. వాళ్లు అడిగినవి రెండే: ఏ షేడ్ కావాలి, అడ్వాన్స్ ఎంత కడతారు.

కట్టేసేదాన్నే. అదే సమయంలో చేతి మీద దురదకు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సొచ్చింది. ఆమె నా ముఖం చూసి, కనుబొమ్మల బయటి కొసలు పలచబడటానికి థైరాయిడ్ కూడా కారణం కావచ్చని టెస్ట్ రాసింది. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ లెక్క 11 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. మాత్రలు మొదలుపెట్టిన ఎనిమిది నెలలకు సగం వెంట్రుకలు వాటంతటవే మొలిచాయి. ముందే గీయించుకుని ఉంటే ఆ జబ్బు రంగు కింద దాక్కునేది.

మిగతా సగానికి చేయించుకుంటానంటే డాక్టరమ్మ నా జాకెట్ చెయ్యి పైకి జరిపి, చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ చూసింది. అది ఉబ్బి గట్టిగా పెరిగి ఉంటే కీలాయిడ్ (గాయం మానాక మచ్చ అతిగా పెరగడం) వచ్చే ఒళ్లని అర్థమట, అలాంటివాళ్లు బ్లేడు జోలికే పోకూడదట. నాది చదునుగానే ఉంది. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడినవాళ్లు ఆపాక కనీసం ఆరు నెలలు ఆగాలని, కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలని చెప్పింది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా సొంతంగా ఆపేయకూడదని గట్టిగా చెప్పింది. మా వదినకు షుగర్ కంట్రోల్‌లో లేదు, ఇప్పుడొద్దన్నానని రెండు నెలలు నాతో మాట్లాడలేదు!

2022 డిసెంబరులో వేరే చోట చేయించుకున్నాను. రంగుకు ఎలర్జీ వస్తుందేమో చూడటానికి చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు ఆగమన్నారు. బ్లేడు ప్యాకెట్ నా కళ్ల ముందే చింపారు. సూదులు, బ్లేళ్లతో హెపటైటిస్ బి, సి అంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

మొదటి మూడు రోజులు బొగ్గుతో దిద్దినట్టు నల్లగా కనిపించాయి. ఆరో రోజు పొద్దున దిండు మీద గోధుమరంగు పొట్టు. దురద మాత్రం చెప్పలేనిది, గోకకుండా వేలితో మెల్లగా తట్టుకుంటూ గడిపాను. ఆరు వారాలకు టచప్. ఏడాదికి పైగా చాలా బాగున్నాయి, పెన్సిల్ ముట్టలేదు.

తప్పు తర్వాత చేశాను. 2024లో పెళ్లి ఉందని ఏప్రిల్‌లో రెండో టచప్ వేయించుకుని, నాలుగో రోజే బస్సులో నంద్యాల వెళ్లాను. మన ఎండలో చెమట కారి ఎడమ కనుబొమ్మ ఎర్రగా వాచింది, చీము పట్టింది. వారం యాంటీబయాటిక్. తగ్గాక అక్కడ రంగు నిలవక, చిక్కుడు గింజంత ఖాళీ మిగిలింది.

తర్వాత ఒకసారి నడుముకు ఎమ్మారై తీయించాల్సి వచ్చింది. ఈ రంగుల్లో ఇనుము ఆక్సైడ్ ఉంటుంది, ఆ స్కాన్‌లో అరుదుగా వేడెక్కవచ్చు అని చదివాను కాబట్టి ముందే చెప్పాను. నాకేమీ కాలేదు.

ఇప్పుడు రంగు కాస్త ఎర్రబారింది. మళ్లీ టచప్ వేయించుకోవాలి. డిసెంబరు దాకా ఆగుతాను, అంతవరకు ఎడమ వైపు పెన్సిలే.