ముక్కులో కండలకు స్టెరాయిడ్ స్ప్రే, బుడెసొనైడ్ ఉప్పునీరు: ఏళ్లుగా వాడిన మీదట

ముక్కులో పెరిగే కండలకు (నేసల్ పాలిప్స్) మొమెటసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రేను, బుడెసొనైడ్ అనే మరో స్టెరాయిడ్ కలిపిన ఉప్పునీటిని కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. ముక్కు బిగుసుకున్న రోజున మాత్రమే కొట్టుకొని, మర్నాటికి గుణం లేదని పక్కన పడేసేవారికి ఈ మందు పనికిరాదు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ఆక్సీమెటజోలిన్ చుక్కలు రక్తనాళాలను కుదించి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. వాటిని విడవకుండా వాడితే బిగింపు మునుపటికంటే పెరుగుతుంది. స్టెరాయిడ్ దారి వేరు. వాపును పురమాయించే సంకేతాల తయారీనే అది కణం లోపల తగ్గిస్తుంది కనుక, ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది.

ఆ సంకేతాలే సైటోకైన్లు. ముక్కు పైపొర దెబ్బతిన్నప్పుడు దాని కణాలు టి.ఎస్.ఎల్.పి., ఇంటర్‌ల్యూకిన్-33 వంటి అణువులను విడుదల చేస్తాయి. వాటికి స్పందించి రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-4, 5, 13లను వదులుతాయి. వీటిలో 5 ఇయోసినోఫిల్ అనే తెల్లరక్త కణాలను పెంచి, త్వరగా చావకుండా నిలబెడుతుంది; 13 చీమిడిని ఎక్కువ చేస్తుంది; 4 అలర్జీకి సంబంధించిన ఐజీఈ అనే ప్రతిరక్షకం తయారీకి దారితీస్తుంది. అంతేకాక, ఈ రకం వాపులో ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పీచులాంటి ప్రొటీన్)‌ను కరిగించే ఏర్పాటు బలహీనపడి, ఆ ఫైబ్రిన్ వలలా పేరుకొని నీటిని పట్టి ఉంచుతుందని పరిశోధకులు వివరిస్తున్నారు. ఎండోస్కోపీ తెరమీద నా కండ ఒలిచిన ద్రాక్షపండులా పాలిపోయి, నీరు నిండి మెరుస్తూ ఎందుకు కనిపించిందో అది చదివాకే బోధపడింది. ఆపరేషన్‌తో ముద్ద పోతుంది, సంకేతాలు పోవు. నాకు కండ మళ్లీ పెరిగింది. అయితే ఆపరేషన్ వల్ల దారులు వెడల్పయ్యాయి కాబట్టి ఇప్పుడు ఉప్పునీరు సైనస్‌లలోకి బాగా చేరుతోంది.

వాడే పద్ధతి మీదే సగం ఫలితం ఉంది. తల కాస్త ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మధ్య గోడకు తగలకుండా బయటివైపుకు కొట్టాలి; గోడకు కొడితే రక్తం చెమ్మ కనిపిస్తుంది, గట్టిగా పీలిస్తే మందంతా గొంతులోకి జారుతుంది. నెబ్యులైజర్ కోసం అమ్మే 0.5 మిల్లీగ్రాముల బుడెసొనైడ్‌ను డాక్టరు సలహామీద 240 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో కలుపుతాను. మంజీరా కుళాయి నీరైనా, ఇంట్లో ఫిల్టరు నీరైనా మరిగించి చల్లార్చాకే వాడాలి. ముక్కు ద్వారా మెదడుకు చేరే నెగ్లేరియా అమీబా అరుదే కానీ ప్రాణాంతకం.

మొదట ఊపిరి తేలికపడింది. వాసన చాలా ఆలస్యంగా, అదీ ఇంగువ తాలింపుతో మొదలై, విడతలుగా వచ్చింది. డిసెంబరు చలిలో మళ్లీ మందగిస్తుంది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లి చేపమందు మింగమని చెప్పే బంధువులు మాకూ ఉన్నారు. ఉబ్బసానికంటూ ఇచ్చే ఆ మందు కండను కరిగిస్తుందనడానికి ఆధారమేదీ నాకు కనబడలేదు.

అసౌకర్యాలూ తక్కువేమీ కావు. రోజుకు ఎనిమిది స్ప్రేలు పడితే 120 స్ప్రేల సీసా పదిహేను రోజులకే ఖాళీ అవుతుంది; ప్రయాణాల్లో ఉప్పునీటి సీసా మోయడం విసుగు. ఇంటర్‌ల్యూకిన్-4, 13లను కణం అందుకునే గ్రాహకాన్ని మూసే డుపిలుమాబ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2019లోనే ఈ జబ్బుకు అనుమతి లభించింది, కానీ దాని ఖరీదు నా తాహతుకు మించినది. నా బయాప్సీలో ఇయోసినోఫిల్స్ ఎక్కువగా తేలాయి. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లరక్త కణాలు ప్రధానంగా ఉన్న కండలు స్టెరాయిడ్‌కు అంతగా లొంగవు కనుక, అటువంటివారు నా అనుభవాన్ని తమకు అన్వయించుకోవద్దు.