మూడేళ్లు మోనోయి రాసుకున్నాక

ముందే చెప్పేస్తున్నా, ఈ నూనె మీద నాకు కోపం లేదు. కోపమంతా దాని సీసా మీదే.

మోనోయి అంటే పసిఫిక్ సముద్రంలో ఫ్రాన్స్ కింద ఉన్న తహీతి దీవి వాళ్ల భాషలో సువాసన నూనె. మన గంధరాజానికి దగ్గరి చుట్టమైన తియారె మొగ్గల్ని కొబ్బరినూనెలో నానబెట్టి చేస్తారు. మాది యానాం. మా ఆయన ఉద్యోగం వల్ల ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చిన మొదటి ఏడాది, ఊరినుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె అయిపోయి నేను దిక్కులు చూస్తుంటే, పక్క ఫ్లాట్‌లో ఉండే తహీతి ఆవిడ ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టింది. మూత తీశానో లేదో ఇల్లంతా పెళ్లిపందిరి అయిపోయింది. తలస్నానానికి గంట ముందు కుదుళ్లకి పట్టించేదాన్ని. స్నానం అయ్యాక, తడి ఆరకముందే, జుట్టు చివర్లకి రెండు చుక్కలు. మర్నాడు కూడా దిండు మీద ఆ వాసన ఉండేది. చలికాలంలో హీటర్ గాలికి బీటలు వారే నా కాళ్లు నెల తిరిగేసరికి మామూలయ్యాయి. ఆ రోజు నుంచి తలకి ఇంకో నూనె రాయలేదు.

ఇక సీసా సంగతి. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుందని కోనసీమ పక్కన పుట్టినదానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊళ్లో అయితే వెడల్పు మూతి డబ్బాలోంచి వేలితో గీసుకుంటాం. దీని మూతి చిటికెనవేలు కూడా పట్టనంత సన్నం. తులూజ్‌లో ఏడాదిలో సగం పైగా ఇది రాయే. రోజూ పొద్దున్నే వేడినీళ్ల గిన్నెలో పెట్టి, కరిగేదాకా కాపలా కాయాలి. పైగా అందం కోసం లోపల ఒక తియారె పువ్వు వేస్తారు. నూనె సగానికి వచ్చాక, ఒంపిన ప్రతిసారీ ఆ పువ్వు మెడలో ఇరుక్కుని దారి మూసేస్తుంది. దాన్ని జడపిన్నుతో వెనక్కి నెట్టడం నాకు అలవాటైపోయింది.

ఇదంతా సర్దుకుపోదును, మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లికి వెళ్లకపోయుంటే. బయల్దేరే ముందు సీసా రాయిలా ఉంది. తలకిందులు చేసి చూశాను, చుక్క కదల్లేదు. ఇంత గట్టిగా ఉన్నది ఎక్కడ కారుతుందిలే అని పెట్టెలో బట్టల మధ్య దూర్చేశాను. మూతకి సన్నటి చీలిక ఉందని నాకేం తెలుసు? నూనె గడ్డకట్టి ఉన్నన్నాళ్లూ ఆ చీలిక బయటపడదు కదా. విమానం దిగి, కాకినాడ చేరి, అక్కడినుంచి కారులో యానాం వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. ఎండ చురుక్కుమంటోంది. పెట్టె వరండాలో పడేసి భోజనానికి కూర్చున్నాను.

అన్నం తింటుండగానే అమ్మమ్మ వరండాలోంచి కేకేసింది. "ఏమే అమ్మడూ, ఏంటే ఈ వాసన? సంపెంగ నూనె గాని ఒలికిందేంటే?"

పెట్టె తెరిచి చూస్తే పెళ్లిలో కట్టుకుందామని దాచుకున్న ఉప్పాడ చీర మూడు మడతల లోతుకి తడిసిపోయింది. నేను ఏడుపు మొహం పెట్టాను. అమ్మమ్మ మాత్రం కంగారు పడకుండా మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి మరకల మీద సగం డబ్బా గుమ్మరించింది, రాత్రంతా అలాగే వదిలేయమంది. పొద్దున దులిపితే మరక చాలావరకు పోయింది. అంచు దగ్గర మాత్రం అరచేతి మందాన నీడలా ఉండిపోయింది. పెళ్లిలో దాన్ని కుచ్చిళ్లలోకి దోపేశాను. వాసన మాత్రం పోలేదు, ఏం సెంటు కొట్టుకున్నావని నలుగురైనా అడిగుంటారు.

ఆ సాయంత్రం అమ్మమ్మ నన్ను కూర్చోబెట్టి అది ఎలా చేస్తారో అడిగింది. మనలా మందారాలూ కరివేపాకూ వేసి చిటపటలు ఆగేదాకా కాచరు, పువ్వుల్ని ఊరికే నానబెడతారని చెప్పాను. మోనోయి ద తహీతి అన్న పేరు పెట్టాలంటే లీటరు నూనెలో కనీసం పది పువ్వులు పది రోజులు నానాలని, పువ్వులూ కొబ్బరీ ఆ దీవులవే కావాలని 1992లో ఫ్రెంచి ప్రభుత్వం రూలు పెట్టిందనీ చెప్పాను.

"లీటరుకి పది పువ్వులకే ఇంత వాసనేంటే?" అంది.

నాకు తట్టని ప్రశ్న. సీసా వెనక అచ్చు చదివితే ఉంది, పర్ఫ్యూమ్ అని. అంటే నేను మురిసిపోయిన వాసనలో పువ్వుల వాటా ఎంతో, కలిపిన సెంటు వాటా ఎంతో. తిరిగొచ్చాక పక్కింటావిడని అడిగితే నవ్వేసింది. వాళ్ల నాయనమ్మ ఇంట్లో చేసేది ఇంత ఘాటుగా ఉండేది కాదట. కొబ్బరి తురిమి, నలిపిన తియారెలు వేసి, శంఖుల్లో దూరి బతికే పీత ముక్కలు కూడా కలిపి, నూనె పైకి తేలేదాకా ఎండలో పెట్టేదట. షాపు సీసాల్లో పీత ఉండదని అభయమిచ్చింది. ఈ పీత మాట అమ్మమ్మకి చెప్పలేదు.

ఇంకో నూనె రాయలేదని పైన అన్నాను గానీ, ఊళ్లో ఉన్న మూడు వారాలూ అమ్మమ్మ గానుగ కొబ్బరినూనే రాసింది. నిజం చెప్పాలంటే జుట్టుకి తేడా ఏమీ కనిపించలేదు. అసలు సరుకు ఒకటే కదా. తేడా అంతా ముక్కుకే.

అందుకే కోనసీమ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి ఇది కొనమని చెప్పడానికి నోరు రాదు. నాలా చలిదేశంలో ఉండి, ఒత్తు జుట్టుండి, పొడి చర్మంతో వేగేవాళ్లకి బాగానే పనికొస్తుంది. మా ఆడపడుచుది జిడ్డు చర్మం, వారం రాసుకునేసరికి నుదుటి మీద మొటిమలొచ్చి మానేసింది. ఇంకో మాట, ఇది ఎండకి అడ్డు కాదు. సన్‌స్క్రీన్ కలిపినవి వేరే ఉంటాయి, మామూలు సీసాలో అది ఉండదు. ఇక్కడివాళ్లు బీచ్‌లో దీన్ని రాసుకుని పడుకునేది నల్లబడడానికే, మనకా అవసరం లేదు.

ఈ ఏడాది సీసా కొన్న రోజే కరిగించి స్టీలు డబ్బాలోకి ఒంపేశాను. ఇప్పుడు వేలితోనే తీసుకుంటున్నాను. పువ్వు మాత్రం మెడ దాటలేదు, ఆ ఖాళీ సీసా అలాగే కిటికీలో ఉంది.