చిన్న వ్యాపారపు వెబ్‌సైట్‌కు వర్డ్‌ప్రెస్
వెబ్‌సైట్లు తయారుచేసి నడుపుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్‌గా 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్‌ను నేను సిఫారసు చేయడానికి ముఖ్య కారణం, హోస్టింగ్ సంస్థ (సైటును తన సర్వర్లలో ఉంచే సంస్థ) నచ్చకపోతే ఫైళ్లనూ డేటాబేస్‌నూ తీసుకుని మరో చోటికి మారిపోగలగడమే. 2018 డిసెంబరులో 5.0 వెర్షన్‌తో వచ్చిన బ్లాక్ ఎడిటర్‌లో పేరా, చిత్రం, బటన్ వేటికవే విడి బ్లాకులు కాబట్టి, పనివేళలు మారితే యజమానే ఆ ఒక్క బ్లాకును తెరిచి సరిచేసుకోవచ్చు.

అసలు జాగ్రత్త ప్లగిన్ల (సైటుకు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాముల) దగ్గర కావాలి. తయారుచేసినవారు పట్టించుకోవడం మానేసిన ప్లగిన్ హ్యాకర్లకు దారి ఇస్తుంది కనుక, దాన్ని చేర్చేముందు చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో, వర్డ్‌ప్రెస్ ఏ వెర్షన్ వరకు పరీక్షించారో దాని పేజీలో తప్పక చూడాలి. బ్యాకప్ తీయకుండా అప్‌డేట్ చేయడం నా దృష్టిలో క్షమించరాని నిర్లక్ష్యం. నాలుగు పేజీలు పెట్టి ఏడాదంతా ముట్టుకోనివారికి, నిర్వహణ భారాన్ని సంస్థే మోసే విక్స్ వంటి వెబ్‌సైట్ తయారీ సేవ మేలు. అయితే అక్కడ కట్టిన సైటును యథాతథంగా వేరే హోస్టింగ్‌కు మార్చుకోవడం కుదరదు.