స్ప్లెండర్ వాల్వ్ సీల్స్: ఇంట్లో మార్చుకోవడమా, ఆటోనగర్‌కి తోలెయ్యడమా?

మాది 2005 మోడల్ స్ప్లెండర్, నాన్న కొన్న బండి. పొద్దున్నే కిక్ కొట్టగానే సైలెన్సర్‌లోంచి గుప్పుమని నీలం పొగ వచ్చేది, రెండు నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు పోయేది. మళ్ళీ మా విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీంచి రైజ్ వదిలేసి కిందకి దిగి, దిగాక రైజ్ చేస్తే ఇంకో గుప్పు. ఓసారి వెనక ఆటో అతను పక్కకొచ్చి మరీ "బాబాయ్, దోమల మందు కొడతన్నావా" అని అడిగి పోయాడు.

మెకానిక్‌కి చూపిస్తే బండి స్టార్ట్ కూడా చెయ్యకుండానే రీబోర్ అన్నాడు, అంటే సిలిండర్ బోరు అరిగింది, తొలిచి కొత్త పిస్టన్ వెయ్యాలని. ఇక్కడే ఆగి ఆలోచించండి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోతే బండి లాగుతున్నంతసేపూ పొగ వస్తుంది, పికప్ పడిపోతుంది. రాత్రంతా ఆగి స్టార్ట్ చేసినప్పుడు, లేదా రైజ్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడు మాత్రమే వస్తుంటే అనుమానం వాల్వ్ సీల్స్ మీదే, అంటే వాల్వు కాడ చుట్టూ ఉండి ఆయిల్ కిందకి దిగకుండా ఆపే చిన్న రబ్బరు టోపీల మీదే. రైజ్ మూసినప్పుడు ఇంజన్ గాలి కోసం గట్టిగా పీలుస్తుంది కదా, అప్పుడు గట్టిపడిపోయిన సీల్ పక్కనుంచి పైన ఉన్న ఆయిల్‌ని కూడా లాగేసుకుంటుంది, అదీ సంగతి. ఇంకా డౌటుంటే కంప్రెషన్ గేజ్ పెట్టి చూసి, ప్లగ్గు కన్నంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. రీడింగ్ బాగా పెరిగితే రింగులు పోయినట్టు, పెరక్కపోతే రింగుల జోలికి వెళ్ళక్కర్లేదు. నాది పెరగలేదు.

సరే, సీల్సే అని తేలింది. ఇప్పుడేం చెయ్యాలి?

ఏమీ చెయ్యకుండా ఆయిల్ పోసుకుంటూ తిరగడం ఒకటి. నవ్వకండి, నేనే ఏడాది అలా తిరిగా. నెలకోసారి డిప్‌స్టిక్ చూసుకునేవాళ్ళకి ఇది నడుస్తుంది, కానీ మనలో ఎంతమంది చూస్తారు చెప్పండి? ఈ బండికి ఆయిల్ తగ్గితే వెలిగే లైటు లేదు. లోపల పట్టేదే 900 మిల్లీ, అందులో 200 కాలిపోతే దాదాపు పావు వంతు పోయినట్టే. మన ఎండల్లో, సిగ్నల్ దగ్గర ఇంజన్ సెగ మోకాళ్ళకి తగిలే ఊళ్ళో, అంత తక్కువ ఆయిల్‌తో తిప్పితే వాల్వుల్ని తెరిచే కామ్ షాఫ్ట్ అరుగుతుంది, అప్పుడు ఆదా చేసిన డబ్బుకి నాలుగింతలు వదులుతుంది. ప్లగ్గు నల్లగా మారడం, పిస్టన్ మీద కార్బన్ పేరుకోవడం ఎలాగూ ఉంటాయి. బండి అమ్మేసే ఆలోచన ఉంటే తప్ప ఇది వద్దంటాను.

రెండోది వీడియోల్లో చూపించే తాడు టెక్నిక్. హెడ్డు, అంటే సిలిండర్ పైన వాల్వులుండే భాగం, విప్పకుండా ప్లగ్గు కన్నంలోంచి నైలాన్ తాడు లోపలికి కూరి, పిస్టన్‌ని పైకి తెస్తే ఆ తాడు ఉండలా నొక్కుకుని వాల్వులు కింద పడకుండా ఆపుతుంది, పైనుంచి స్ప్రింగులు తీసి సీల్స్ మార్చెయ్యొచ్చు. చూస్తే భలే అనిపిస్తుంది, నేనూ ఉత్సాహంగా రెండు మీటర్ల తాడు కొనేశాను, ఇప్పుడు దాని మీద బట్టలు ఆరేస్తున్నాం. ఎందుకంటే స్ప్లెండర్‌కి పైన ఉండేవి రెండు చిన్న గుండ్రటి టాపెట్ మూతలు, ఆ కన్నంలోంచి సందు కొలిచే ఫీలర్ గేజ్ దూరుతుంది గానీ స్ప్రింగు నొక్కే పనిముట్టు ఎక్కడ పడుతుంది? పైమూత మొత్తం ఊడొచ్చి స్ప్రింగులు ఎదురుగా కనబడే ఇంజన్లకి అది పనికొస్తుంది, నాలుగు సిలిండర్ల కారుకైతే బంగారం లాంటి ఉపాయం, ఎందుకంటే అక్కడ హెడ్డు దించడమే పెద్ద యజ్ఞం. మన 97.2 సీసీ బండికి హెడ్డు పట్టుకుని ఉండేది ముఖ్యంగా నాలుగు నట్లు, ఇంజన్ ఫ్రేములోంచి దించక్కర్లేదు కూడా. ఆ మాత్రానికి తాడు ఎందుకు?

ఇక హెడ్డు మనమే విప్పి సీల్స్ కూడా మనమే వెయ్యడం. ఆదివారం పొద్దున మొదలెడితే సాయంత్రానికి అవుతుంది, మొదటిసారైతే సోమవారం సెలవు పెట్టుకోండి. ఫ్లైవీల్ మీద టీ గుర్తు, కామ్ స్ప్రాకెట్ మీద సున్నా గుర్తు సరిపెట్టుకున్నాకే కామ్ చైన్ తియ్యాలి. హెడ్డు నట్ల కింద వాషర్లన్నీ ఒకటి కావు, రాగి వాషర్ ఎక్కడుందో ఫోటో తీసుకోండి, అది తారుమారైతే ఆయిల్ కారుతుంది. అసలు కష్టం స్ప్రింగుని వాల్వుకి పట్టి ఉంచే కాటర్ల దగ్గర. బియ్యపు గింజంత ఉంటాయి, స్ప్రింగు జారిందా ఇల్లంతా వెతుక్కోవాలి. హెడ్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జీ క్లాంపుతో నొక్కాను, అయినా ఒకటి ఎగిరి గ్యాస్ బండ వెనక తేలింది. పాత సీల్ చేత్తో పట్టుకుంటే రబ్బరులా లేదు, వంచితే టక్కున విరిగింది.

కానీ వాల్వుని గైడ్‌లో, అంటే అది పైకీ కిందకీ జారే గొట్టంలో, పెట్టి పక్కకి ఊపితే లటలటా ఆడితే మాత్రం కొత్త సీల్ వేసినా లాభం లేదండి, ఆ ఊగుడికి అదీ కొన్నాళ్ళకే అరుగుతుంది. గైడ్ మార్చడం, వాల్వు ఆనుకునే సీటు కట్ చెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు.

అందుకే నా ఓటు నడిమధ్య దారికి. హెడ్డు ఇంట్లో విప్పుకుని, వట్టి హెడ్డుని సంచిలో వేసుకుని ఆటోనగర్‌లో లేత్ పని చేసే షాపుకి పట్టుకెళ్ళండి. గైడ్లు చూడటం, సీట్లు గ్రైండింగ్, కొత్త సీల్స్ ఎక్కించడం వాళ్ళకి రోజూ చేసే పని. బండి మొత్తం తోసుకెళ్తే వినబడే రీబోర్ పాట హెడ్డు ఒక్కటే పట్టుకెళ్తే వినబడదు, బోరు మన ఇంట్లో ఉందిగా! తెచ్చుకున్నాక పోర్టులో కాస్త కిరసనాయిలు పోసి వాల్వు అంచున చెమ్మ దిగుతోందేమో చూసుకుని, కొత్త ప్యాకింగ్ వేసి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టాపెట్ సందు సెట్ చేసుకోవడమే. సీల్స్ మాత్రం కంపెనీవే కొనండి, వైటన్‌వి దొరికితే ఇంకా మంచిది, వేడికి మామూలు నైట్రైల్ రబ్బరు కన్నా బాగా తట్టుకుంటాయి.

చేతిలో స్పానర్ పట్టే అలవాటు లేనివాళ్ళు, లేదా ఆ బండి మీదే రోజూ గుంటూరు డ్యూటీకి వెళ్ళేవాళ్ళు మొత్తం మెకానిక్‌కే ఇచ్చెయ్యండి, తప్పేం లేదు. కాకపోతే పాత సీల్స్, ప్యాకింగ్ చేతిలో పెట్టమని ముందే చెప్పండి, విప్పకుండానే విప్పానని చెప్పే చాన్సు ఉండదు.

ఇంకోటి, అంతా బిగించి స్టార్ట్ చేశాక మళ్ళీ పొగ కనబడితే గుండె జారిపోతుంది, నాకూ జారింది. అది సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిల్, మంగళగిరి దాకా వెళ్ళొచ్చేసరికి పోయింది.