నైలు కనిపించే గది అన్నారు, పక్క పడవ కర్టెన్ చూపించారు

కర్టెన్ జరిపితే ఎదురుగా ఇంకో కర్టెన్. మధ్యలో మూరెడు సందు. ఆ సందులోంచి డీజిల్ వాసన, కింద ఎక్కడో ఇంజను గురక. మంచం మీద కూర్చుని మా ఆవిడ అన్న మాట ఒక్కటే: "దీనికేనా గదికి యాభై డాలర్లు ఎక్కువ కట్టారు?"

కట్టాను. ఈజిప్టులో నైలు మీద అస్వాన్ నుంచి లక్సర్‌కి మూడు రాత్రుల క్రూయిజ్. మా ఇద్దరి గదికి 480 డాలర్లు, మావయ్యగారి గదికి 330, రెండింటికీ 'నైలు వ్యూ' పేరుతో ఇంకో 100. మొత్తం 910 డాలర్లు, మన డబ్బుల్లో 78 వేల పైమాటే. అస్వాన్ రేవులో ఈ పడవలు ఒకదానికొకటి ఆనించి కడతారన్న సంగతి బుక్ చేసేటప్పుడు ఎవరూ చెప్పలేదు. మాది మూడోది, అవతల ఇంకో రెండు. ఒడ్డుకి పోవాలంటే రెండు పడవల రిసెప్షన్లలోంచి, ఎవరో కాఫీ తాగుతుంటే వాళ్ల కాళ్లు దాటుకుంటూ వెళ్లాలి. కౌంటర్లో అడిగితే ఆయన నవ్వుతూ "రేపు పడవ కదులుతుంది కదా సార్, అప్పుడు కనిపిస్తుంది" అన్నాడు. రెండు రోజులు వెంటపడితే 100లో 20 డాలర్లు తిరిగిచ్చారు.

మావయ్యగారిది కోనసీమ. డెబ్బై ఏళ్లు, ఐదెకరాల లంక భూమి, పాకెట్ డైరీ. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా 68 గంటలైతే పడవ నిజంగా కదిలింది 16 గంటలని లెక్క రాసిపెట్టారు. "మిగతాదంతా నీళ్లమీద లాడ్జీ అండి అల్లుడుగారూ" అన్నారు. అంతకు మించి ఫిర్యాదు చెయ్యలేదు. ఆయన కోపం ఎప్పుడూ డైరీలోనే ఉంటుంది.

నిజానికి మేం నదిని చూసింది అంతకుముందు రెండు రోజులు, 850 ఈజిప్టు పౌండ్ల గదుల్లో ఉన్నప్పుడు. అంటే గదికి సుమారు 1,450 రూపాయలు, టిఫినుతో సహా. అస్వాన్ ఊరికి ఎదురుగా నది మధ్యలో ఎలిఫెంటైన్ అనే లంక ఉంది. అటూ ఇటూ తిరిగే పడవకి మనిషికి 10 పౌండ్లు తీసుకున్నారు. నూబియన్లనే అక్కడి స్థానికుల ఇళ్లు, నీలం గోడలు, సందుల్లో మేకలు. ఫ్యాన్ కిర్రుమంటుంది, వేడినీళ్లు పొద్దున ఏడు దాటితే రావు. అయినా డాబా ఎక్కితే నాలుగు వైపులా నైలే, దానికి వేరే బిల్లు లేదు.

అక్కడ రాత్రి భోజనం మనిషికి 250 పౌండ్లు. ఇంటావిడ మొలోఖియా పెట్టింది. జనపనార జాతి మొక్క ఆకుల్ని సన్నగా తరిగి వెల్లుల్లి తాలింపుతో చేసే జిగురు కూర. బచ్చలి ఇష్టమైనవాళ్లకి నచ్చుతుంది, మా ఆవిడకి నచ్చలేదు. పక్కన ఎండలో పొంగించి కాల్చిన లావుపాటి రొట్టె. ఈజిప్టు వాళ్లు రొట్టెని 'ఐష్' అంటారు, ఆ మాటకి బతుకు అనే అర్థం కూడా ఉంది. ఇంకో పళ్లెంలో వేయించిన తిలాపియా. అది చూడగానే మావయ్యగారి మొహం మారింది. "ఇది మా చెరువులో పడితే ఏరి అవతల పారేస్తామండి. దీని పుట్టిల్లు ఇదన్నమాట!" అంటూనే రెండోది వేయించుకున్నారు.

మర్నాడు పొద్దున లంక దక్షిణపు కొసన ఉన్న శిథిలాలకి వెళ్లాం. టికెట్ 200 పౌండ్లు. మేం వెళ్లిన చోటల్లా టికెట్లకి కార్డే తీసుకున్నారు, నోట్లు పట్టుకెళ్తే వెనక్కి పంపుతున్నారు, గుర్తుపెట్టుకోండి. కాపలా మనిషి బక్షీష్ అడిగాడు, 20 ఇచ్చాను. ఆ మొత్తం ప్రయాణంలో నాకు గిట్టుబాటైన 20 పౌండ్లు అవే, ఎందుకంటే ఇరుకు మెట్లదారి గేటు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టింది అతనే.

అది నైలోమీటర్, నైలు వరద ఎత్తు కొలిచే చోటు. పేరు విని ఏదో యంత్రం అనుకున్నాను. రెండు గోడల మధ్య నదిలోకి దిగే రాతి మెట్లు, అంతే. తొంభై దాకా ఉంటాయి. గోడ మీద అడ్డగీతలు. పాతవాటి పక్కన, 19వ శతాబ్దంలో మళ్లీ వాడకంలోకి తెచ్చినప్పుడు అమర్చిన పాలరాతి కొలబద్దలు. కొలత పేరు క్యూబిట్. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, అంటే మన మూరే. వాళ్ల రాజ మూర 52 సెంటీమీటర్ల పైచిలుకు. ఏడు అరచేతులు ఒక మూర, నాలుగు వేళ్లు ఒక అరచెయ్యి.

మావయ్యగారు మోచెయ్యి గోడకి ఆనించి కొలుచుకున్నారు. తర్వాత ఆయన్ని అక్కడ్నుంచి కదిలించడానికి ముప్పావు గంట పట్టింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని ప్రతి శ్రావణంలో టీవీ ముందు కూర్చుని లెక్కపెట్టుకునే మనిషి. ఐదువేల కిలోమీటర్లకి పైగా విమానమెక్కి వచ్చి చూస్తే, తన ఊరి సంగతే గోడ మీద గీసి ఉంది.

తేడా ఒకటుంది. మనకి వరద పెరిగితే భయం, వాళ్లకి తగ్గితే భయం. రోమన్ల నాటి లెక్క ఒకటుంది, మెంఫిస్ అనే పాత రాజధాని దగ్గరి కొలతకి: 12 మూరలొస్తే కరువు, 13కి ఇంకా ఆకలే, 14కి సంతోషం, 15కి నిశ్చింత, 16కి పండగ. ఆ అంకె బట్టే ఆ ఏడు ఎంత భూమి తడుస్తుందో, ఎంత శిస్తు వెయ్యొచ్చో సర్కారు తేల్చుకునేది. అంటే ఈ మెట్లు దిగినవాడికి పంట కంటే ముందే పంట తెలిసేది. "మన కరణాలకి ఈ సంగతి తెలీకపోవడమే మంచిదైంది" అన్నారు మావయ్యగారు.

ఈజిప్టులో వాన దాదాపు పడదు. మన నైరుతి రుతుపవనాల రోజుల్లోనే ఇథియోపియా కొండల మీద కురిసిన వాన నీలినైలు అనే ఉపనదిలోంచి ఒండ్రు మోసుకొచ్చేది. జూన్‌లో అస్వాన్ దగ్గర నీరు లేవడం మొదలై సెప్టెంబరుకల్లా నిండు వరద. పొలాలకి మట్టికట్టలు వేసి, వచ్చిన నీటిని నెలకి పైగా నిలబెట్టి, ఒండ్రు దిగాక వదిలేసి, ఆ బురదలో విత్తనాలు చల్లేవాళ్లు. అందుకే తమ దేశాన్ని 'కెమెత్', నల్లనేల అనుకున్నారు. అవతలది 'దెష్రెత్', ఎర్రనేల, ఎడారి.

ఆ సాయంత్రం ఫెలుక్కా అనే తెరచాప పడవ ఎక్కాం, గంటకి 400 పౌండ్లు. బేరమాడితే 300కి వచ్చేది, నాకు ఓపిక లేకపోయింది. నైలు ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచే వీస్తుంది. తెరచాప ఎత్తితే ఏటికెదురు, దించేస్తే వాలుకి. పాత లిపిలో 'దక్షిణానికి వెళ్లడం' అనే మాటకి తెరచాప ఎత్తిన పడవ బొమ్మ, ఉత్తరానికైతే చాప లేని పడవ. మా పడవతను చాప ఎత్తి చుట్ట వెలిగించుకున్నాడు, ఇక చేతికి పని లేదు. వరద ఇప్పుడు లేదన్న మాట అతనే చెప్పాడు. 1970లో పూర్తయిన హై డ్యామ్ వెనక ఒండ్రంతా ఆగిపోయింది. మరి పొలానికేంటి అని మావయ్యగారు అడగమంటే అడిగాను. "యూరియా" అన్నాడు. ఆ ముక్కకి అనువాదం అక్కర్లేకపోయింది. మావయ్యగారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు.

ఇక పడవ సంగతి. కోమ్ ఓంబో గుడికి టికెట్ 450 పౌండ్లు, గైడు ఇచ్చింది 45 నిమిషాలు. మొసలి దేవుడు సోబెక్ సగం గుడికి యజమాని. పక్క మ్యూజియంలో మొసళ్ల మమ్మీలు ఎండుచేపల్లా వరసగా పడుకున్నాయి. ఒక గోడ మీద పండగల క్యాలెండరు చెక్కి ఉంది. వాళ్ల ఏడాదికి మూడే కాలాలు: వరద, నేల తేలడం, కోత. ఒక్కోటి నాలుగు నెలలు, నెలకి ముప్పై రోజులు, చివర్లో ఐదు రోజులు కొసరు. మావయ్యగారు దాని ముందు ఆగేసరికి గైడు చేతిగడియారం తట్టి చూపిస్తూ గుంపు మొత్తం వినేలా అరిచాడు. పెద్దాయన ఏమీ అనలేదు, కానీ ఎడ్ఫూలో బండి దిగి గుడిలోకి రానన్నారు. టికెట్ 550 వృథా. మేమిద్దరం చూసొచ్చాం, బాగుంది.

ఎస్నా లాకుల దగ్గర మాత్రం మా ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. చిన్న పడవల్లోంచి దుప్పట్లు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి నాలుగో అంతస్తు డెక్కు మీదికి విసురుతారు. నచ్చితే డబ్బులు అదే సంచిలో పెట్టి కిందికి విసరాలి. 600 చెప్పినదాన్ని 250కి దించింది. ఆ డెక్కు మీద నుంచే నల్లనేల, ఎర్రనేల అంటే ఏమిటో కళ్లబడింది. చెరకు, ఖర్జూరం, పచ్చటి గోధుమ, వాటి వెంటనే గట్టు తెగినట్టు ఇసుక కొండ. డెక్కు అందరిదీ, దానికి 50 డాలర్లు అక్కర్లేదు. ఎవరైనా వెళ్తే మామూలు గది తీసుకుని, మిగిలిన డబ్బుతో ఎలిఫెంటైన్‌లో ఇంకో రెండు రాత్రులుండండి.

లక్సర్ రెండు రోజులు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. పడమటి ఒడ్డున ఇపుయ్ అనే శిల్పి సమాధిలో ఏతంతో తోటకి నీళ్లు తోడే మనిషి బొమ్మ ఉందట. దాని ఫొటో చూపిస్తే మావయ్యగారు, "మన ఏతం మీద మనిషి ఎక్కి నడుస్తాడండి, వీళ్లు వెనక మట్టిముద్ద పెట్టారు, ఒక మనిషి కూలి మిగిలింది" అన్నారు.

దిగే ముందురోజు రాత్రి గది తలుపు కింద నుంచి టిప్పు కవర్లు తోశారు, మనిషికి 15 డాలర్లని పైనే అచ్చేసి. పొద్దున మావయ్యగారి కవరు ఖాళీగా బల్ల మీద ఉంది. వెనక పెన్సిలుతో లెక్క: 16 మూరలు ఇంటూ 52.5 సెంటీమీటర్లు, సుమారు 27 అడుగుల 7 అంగుళాలు. దాని కింద 17.75. దాని కింద, "సున్నా ఎక్కడ పెట్టారో తెలియకుండా పోల్చరాదు." కవరు మడిచి డైరీలో పెట్టుకున్నారు. ఆయన వంతు 15 డాలర్లు నేను కట్టాను.