ఒక క్రెడిట్ 5,400 రూపాయలు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాని. మా దగ్గర మచ్చు చూడకుండా ఎవడూ టిక్కీ (మిర్చి బస్తా) కొనడు. కాయ విరిచి, తేమ ఎంతుందో చూసి అప్పుడు ధర చెబుతాడు. అలాంటి నేను 2021లో మా అమ్మాయి బీటెక్‌కి ఓ కాలేజీ ఏసీ రిసెప్షను, గాజు తలుపులు చూసి డబ్బు కట్టొచ్చాను.

ర్యాంకు దూరం పోయింది. కంప్యూటర్ సైన్సే కావాలంది. బి కేటగిరీ సీటు, అంటే మేనేజ్‌మెంట్ కోటా, ఏడాదికి 1,80,000. ఈ సీటుకి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. బస్సు ఏటా 30,000. పరీక్ష ఫీజులు, రికార్డులు, సందట్లో సడేమియాలూ కలిపి నాలుగేళ్లలో 24,000. వెరసి 8,64,000. డిగ్రీ చేతికి రావాలంటే పాసైన సబ్జెక్టులకీ ల్యాబులకీ ఇచ్చే క్రెడిట్లు 160 కావాలట. భాగిస్తే ఒక్కోటి 5,400.

ల్యాబు క్రెడిటున్నర, అంటే 8,100. 60 మందికి నడిచే కంప్యూటర్లు 22. ప్రోగ్రాం ఆడినా ఆడకపోయినా రికార్డులో మాత్రం పెన్నుతో రాయాల్సిందే, అవుట్‌పుట్‌తో సహా. రాత్రి పదకొండింటికి కూర్చుని ఆ పుస్తకాలకి మార్జిన్లు కొట్టింది నేనే. మా పద్దు పుస్తకాలే నయం, అందులో జరిగిందే రాస్తాం.

పక్క బెంచీ పిల్లది కన్వీనర్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. అదే పాఠం, అదే బస్సు, అదే పట్టా. ఆ అమ్మాయి తండ్రి జేబులోంచి పోయింది బస్సు ఛార్జీ, పరీక్ష ఫీజులే.

మంచి చెప్పకపోతే పాపం. లెక్కల మేడం ఒకావిడ సాయంత్రం బస్సు కదిలేదాకా డౌట్లు చెప్పేది. క్యాంపస్‌లో 3,36,000 ప్యాకేజీ ఉద్యోగమూ వచ్చింది. బీటెక్ లేకపోతే ఆ కంపెనీ పరీక్షకే రానివ్వదు కాబట్టి పట్టా దండగ అనను. కాకపోతే ఇంటర్వ్యూలో అడిగిన జావా మాత్రం అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఆన్‌లైన్ క్లాసులో 9,000 కట్టి నేర్చుకుంది.

చివర్లో సర్టిఫికెట్ల కోసం వెళ్తే బాకీలేమీ లేవనే నో డ్యూస్ కాగితం మీద 14 సంతకాలు. మా అమ్మాయి ఏనాడూ గడప తొక్కని జిమ్ముకీ ఒకటి. పైన పూర్వ విద్యార్థుల సంఘానికి 3,000, రసీదు లేదు.

ఈ కాలేజీకి అయిదుకి రెండు స్టార్లు. అందులో ఒకటి ఆ మేడంది.

చిన్నవాడి ఇంటర్ అయిపోవచ్చింది. మొన్న అదే కాలేజీ పీఆర్వో ఫోన్ చేసి, 'అంకుల్, తమ్ముడికి డిస్కౌంట్ ఇప్పిస్తాం' అన్నాడు. మధ్యాహ్నం పూట వస్తాను, ముందు ల్యాబు తలుపు తీసి ఉంచమన్నాను. మళ్లీ ఫోన్ లేదు.