నయం కాదన్నాక: ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?

మా పెద్దమావయ్యకి క్యాన్సర్ లివర్‌కి పాకింది, ఇక నయం కాదన్నారు. అప్పటి నుంచీ ఇంట్లో ఒకటే తర్జనభర్జన. కాకినాడలో బెడ్డు మీద ఉంచాలా, కోనసీమలో ఇంటికి తెచ్చేయాలా?

ఆసుపత్రిలో ఒక ధీమా ఉంది. రక్తం పడినా, ఊపిరాడకపోయినా చూసేవాళ్లుంటారు. కానీ మాది లంక ఊరు. రేవు దాటి, రెండు బస్సులు మారాలి. ఐసీయూలో పెడితే అత్తయ్య గాజు తలుపు బయటే.

ఇంట్లో అసలు సమస్య నొప్పి. అది అదుపులో ఉంటే మిగతావి ఎలాగో నెట్టుకురావచ్చు. నొప్పి తగ్గించే బలమైన మందు మార్ఫిన్. దాని మామూలు మాత్ర పనిచేసేది సుమారు 4 గంటలే. అందుకే నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. అత్తయ్య క్యాలెండర్ కాగితం వెనక 6, 10, 2, 6, 10 అని రాసుకుని, వేసిన ప్రతిసారీ టిక్కు పెట్టేది. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనం మందు కూడా మొదటి రోజు నుంచే ఇచ్చారు. "మత్తుకి అలవాటు పడిపోతాడే" అని చుట్టాలు బెదిరించారు. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే ఆ భయం చాలా తక్కువ. 2014లో మత్తుమందుల చట్టం సవరించి మార్ఫిన్ అనుమతులు సులువు చేశారు, అయినా ప్రతి మందుల షాపులోనూ దొరకదు. ఎక్కడ దొరుకుతుందో తేల్చుకోకుండా మాత్రం ఇంటికి తేవద్దు.

ఖర్చు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నా ఓటు ఇంటికే. మావయ్య అరుగు మీద మంచం వేయించుకుని కాలువ వైపు తిరిగి పడుకునేవాడు. ఓ రోజు పులుసు వాసన తగిలి రెండు ముద్దలు పెట్టమన్నాడు. ఒకటి తిన్నాడు.